కార్టూన్ గేముల క్యాసెట్లు: ఏవి కొనాలి, ఎలా కాపాడాలి, ఏం చూసి రాయాలి

అడిగిన ప్రశ్న: "అన్నా, మాది విజయవాడ. ఉద్యోగం కోసం చెన్నై వచ్చి వేళచ్చేరిలో ఉంటున్నాను. చిన్నప్పుడు టీవీ గేమ్‌లో ఆడిన డక్‌టేల్స్, టామ్ అండ్ జెర్రీ, అలాద్దీన్ లాంటి కార్టూన్ గేముల ఒరిజినల్ క్యాసెట్లు సేకరించాలని ఉంది. ఆడినవాటి గురించి తెలుగులో రివ్యూలు కూడా రాయాలనుకుంటున్నాను. ఏ మెషిన్ కొనాలి? ఏ గేములతో మొదలుపెట్టాలి? డూప్లికేట్ ఎలా గుర్తుపట్టాలి? రివ్యూలో అసలు ఏం చూడాలి?"

తమ్ముడూ, నువ్వు చివర్లో అడిగినదానికే ముందు జవాబు చెప్తాను. కార్టూన్ గేములో ఏం చూడాలో తెలిస్తే, ఏది కొనాలో ఏది వదిలేయాలో దానంతట అదే తేలిపోతుంది. అది తెలియకుండా బయల్దేరితే అట్ట మీద బొమ్మ చూసి డబ్బులు పెట్టేస్తాం. మిగతా గేముల కంటే కార్టూన్ గేముల్లోనే ఈ ప్రమాదం ఎక్కువ. పైన తెలిసిన మొహం ఒకటి ఉంటే చాలు, లోపల ఏమున్నా పిల్లలు మారాం చేసి కొనిపిస్తారని అప్పటి కంపెనీలకు బాగా తెలుసు. అందుకే ఈ రకంలో మేడిపండ్లు ఎక్కువ.

నేను చూసేది ఒకటే. కార్టూన్‌లో ఆ పాత్రకు ఒక స్వభావం ఉంటుంది కదా, అది మన బటన్ల కిందకి వచ్చిందా లేదా? బొమ్మ అచ్చు గుద్దినట్టు ఉందా, పాట అదేనా అన్నవి తర్వాతి సంగతి. ఎంత అందంగా ఉన్నా, ఆ పాత్రను తీసేసి ఇంకో బొమ్మ పెడితే గేము ఏమీ మారకపోతే అది కార్టూన్ గేము కాదు, కార్టూన్ స్టిక్కరు అంటించిన గేము.

పాపాయ్ గేము చూడు. జపాన్ కంపెనీ నింటెండో 1982లో దీన్ని ఆర్కేడ్ మెషిన్‌గా, అంటే బయట నాణెం వేసి ఆడే పెద్ద పెట్టెగా తెచ్చింది. 1983 జులై 15న జపాన్‌లో ఫామికాం, అంటే నింటెండో వారి ఇంట్లో ఆడే టీవీ గేమ్ మెషిన్, విడుదలైన రోజు దానితోపాటు వచ్చిన మూడు గేముల్లో ఇదొకటి. మిగతా రెండూ డాంకీ కాంగ్, డాంకీ కాంగ్ జూనియర్. ఇందులో పాపాయ్ దూకలేడు. దూకే బటనే లేదు. ఉన్న ఒక్క బటన్‌కీ ఒకటే పని, గుద్దడం. పైనుంచి ఆలివ్ జారవిడిచే గుండె బొమ్మల్ని ఏరుకుంటూ, మెట్లెక్కుతూ దిగుతూ బ్లూటోకి దొరక్కుండా తిరగాలి. పాలకూర డబ్బా అందనంతవరకు బ్లూటో ముందు మన గుద్దు పనికిరాదు. డబ్బా అందిన తర్వాత మాత్రం కొన్ని సెకన్లపాటు పారిపోయేవాడు వాడు, తరిమేవాళ్లం మనం. కార్టూన్ కథ మొత్తం ఇంతే కదా! కథ చెప్పడానికి ఒక్క ముక్క మాట కూడా వాడకుండా ఆ ఒక్క బటన్‌తో చెప్పేశారు. ఇంకో సంగతి. 1981లో వచ్చిన డాంకీ కాంగ్‌ను నింటెండో రూపకర్త షిగెరు మియామోతో మొదట పాపాయ్ గేముగానే ఊహించాడు. హక్కులు అప్పటికి దొరక్కపోవడంతో బ్లూటో స్థానంలో గొరిల్లా, ఆలివ్ స్థానంలో ఇంకో అమ్మాయి వచ్చారు. డాంకీ కాంగ్‌లో హీరో అయిన మారియో పుట్టడానికి ఒక కార్టూన్ లైసెన్స్ దొరక్కపోవడం కూడా ఒక కారణమన్నమాట.

ఫామికాం లాంటి పాత 8 బిట్ మెషిన్ల మీద మంచి కార్టూన్ గేములు రావడానికి ఒక సాంకేతిక కారణం ఉందని నా అభిప్రాయం. ఫామికాంలో కదిలే బొమ్మని చిన్న ముక్కలతో కడతారు, ఒక్కో ముక్కకి మూడు రంగులే వాడగలరు. ఒకే అడ్డగీత మీద ఎనిమిది ముక్కలకు మించి వస్తే మిగతావి కనపడవు, అందుకే తెర మీద జనం ఎక్కువైనప్పుడు బొమ్మలు మిణుకుమిణుకుమంటాయి. ఇలాంటి చోట కార్టూన్‌ని ఉన్నదున్నట్టు గీయడం కుదరదు. గీతతో కుదరనప్పుడు కదలికతో చెప్పక తప్పదు. తర్వాతి తరం 16 బిట్ మెషిన్లు వచ్చేసరికి సెగా కంపెనీ మెగా డ్రైవ్‌లో తెర మీద 64 రంగులు, సూపర్ నింటెండోలో 256 రంగులు వచ్చాయి. బొమ్మ కార్టూన్‌కి దగ్గరైంది. దాంతో రివ్యూలు రాసేవాళ్ల కళ్లన్నీ బొమ్మ మీదకే పోయాయి.

ఇక నీకు ఇష్టమైన డక్‌టేల్స్. తొంభైల్లో దూరదర్శన్‌లో ఆదివారం హిందీలో వచ్చేది కాబట్టి మన తరానికి ఈ బాతు ఇంట్లో మనిషి లెక్క. జపాన్ గేముల కంపెనీ క్యాప్‌కామ్ ఈ గేమును 1989లో తెచ్చింది. స్క్రూజ్ తాత ముసలివాడు, చేతిలో కర్ర ఉంటుంది, డబ్బంటే ప్రాణం. ఇంకెవరైనా అయితే ఆ కర్రని కత్తిలా తిప్పించేవారు. వీళ్లు ఏం చేశారంటే, గాల్లోకి ఎగిరాక కింది బాణం, బీ బటన్ కలిపి నొక్కితే తాత కర్రని కాళ్ల కింద పెట్టుకుని దాని మీద టింగు టింగుమని గెంతుతాడు. శత్రువుల నెత్తిన గెంతొచ్చు, ముళ్ల మీద కూడా గెంతొచ్చు. నేల మీద కర్ర తిప్పి రాయిని కొడితే అది ఎగిరి అవతల పడుతుంది. వేలు ఎప్పుడు నొక్కాలో అలవాటయ్యేదాకా చిరాకు పుడుతుంది, అలవాటయ్యాక మాత్రం నడవడం మానేసి మొత్తం గెంతుతూనే పోతాం.

ఈ గెంతు చుట్టూ స్టేజీలు ఎలా కట్టారో చూడు. హిమాలయాల్లో మంచు మీద గెంతితే కర్రతో సహా తాత మంచులో కూరుకుపోతాడు, మళ్లీ పైకి రావడానికి సమయం పడుతుంది. అంటే నీకు బాగా అలవాటైన ఆయుధాన్నే ఒక చోట నీకు ఎదురు తిప్పారు. ఆఫ్రికా గనుల్లోకి వెళ్లాలంటే ట్రాన్సిల్వేనియా వెళ్లి తాళంచెవి తేవాలి. చంద్రుడి మీద గోడ బద్దలుకొట్టడానికి రిమోట్ వెతికి, కార్టూన్‌లో ఇనప కవచం తొడుక్కునే హీరో బాతు గిజ్మోడక్‌ని పిలవాలి. అడుగడుగునా కనపడని వజ్రాలు గాల్లో దాగి ఉంటాయి, ఎక్కడ గెంతితే ఏది బయటపడుతుందోనని ప్రతి మూలా తడిమి చూస్తాం. లోభి తాత ఆడినట్టే మనమూ ఆడతాం. ఇదీ నేను చెప్పే స్వభావం. చంద్రుడి స్టేజీ సంగీతం గురించి అందరూ చెప్తారు, ఆ పొగడ్త న్యాయమైనదే. నువ్వు ఆ గెంతు గురించి రాయి.

1990లో అదే కంపెనీ చిప్ అండ్ డేల్ రెస్క్యూ రేంజర్స్ తెచ్చింది. రెండు చిన్న ఉడతలు, చుట్టూ మనుషుల వస్తువులు. చెక్కపెట్టె ఎత్తుకుని విసరొచ్చు, పట్టుకుని కిందకి వంగితే దాని లోపల దాక్కోవచ్చు. యాపిల్ పండు ఎత్తుకుంటే బరువుకి నడక నెమ్మదిస్తుంది. పాత్ర ఎంత చిన్నదో ఆ నెమ్మది నడకే చెప్తుంది. ఇద్దరు ఆడితే ఒకడు ఇంకొకణ్ని ఎత్తి విసిరేయొచ్చు. సాయం చేయబోయి పక్కవాణ్ని గోతిలో పడేసి, దాని మీద గొడవపడి, మళ్లీ కలిసి ఆడటం ఈ గేములో సగం ఆనందం. నీకు చెన్నైలో రూమ్మేట్ ఉంటే దీనితోనే మొదలుపెట్టు.

టామ్ అండ్ జెర్రీ దగ్గరకొస్తే నువ్వు కాస్త నిరాశపడతావు. మన ఇళ్లలో తాతల నుంచి మనవళ్ల దాకా అందరూ చూసే కార్టూన్ అదే. గేముల్లో దానికి న్యాయం జరగడం అరుదు. 1991లో నింటెండో మెషిన్‌కి (ఫామికాంకే అమెరికా, యూరప్ రూపం) వచ్చిన గేము చూడు. జెర్రీ మేనల్లుడు టఫీని టామ్ ఎత్తుకుపోతే విడిపించడానికి మనం జెర్రీగా వెళ్తాం, గోళీలు విసురుతాం. ఆ కార్టూన్ ప్రాణమంతా తరుముకోవడంలో ఉంది. ఒకడు పన్నిన ఉచ్చు వాడి మెడకే చుట్టుకోవడంలో ఉంది. ఇక్కడ జెర్రీ ఒంటరిగా పోతూ, దారిలో పురుగుల్నీ పుట్రల్నీ కొడుతూ, టామ్‌ని కలిసేసరికి అతను మామూలు గేముల్లో స్టేజీ చివర ఉండే పెద్ద శత్రువు లాగే ఉంటాడు. గేము ఆడటానికి మరీ చెడ్డది కాదు. కానీ జెర్రీకి బదులు ఏ ఎలుకని పెట్టినా ఒకటే. చిన్ననాటి ప్రేమతో కొంటే కొను, రివ్యూలో మాత్రం ఆ ప్రేమని మార్కుల్లో కలపకు.

అలాద్దీన్ గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఒకే సినిమాకి 1993లో రెండు వేర్వేరు గేములు వచ్చాయి. సెగా మెగా డ్రైవ్ గేము డేవిడ్ పెర్రీ బృందం వర్జిన్ సంస్థలో చేసింది. డిస్నీ యానిమేటర్లే కాగితం మీద గీసిన బొమ్మల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి వాడారు. అప్పటికి అలాంటి కదలిక ఇంట్లో టీవీ మీద ఎవరూ చూసి ఉండరు. సూపర్ నింటెండో గేము క్యాప్‌కామ్‌ది, రూపకర్త షింజి మికామి. ఆ తర్వాత రెసిడెంట్ ఈవిల్ అనే భయపెట్టే గేము చేసింది ఈయనే. సెగా దాంట్లో అలాద్దీన్ చేతిలో కత్తి ఉంటుంది. నింటెండో దాంట్లో కత్తి లేదు. శత్రువు నెత్తి మీద కాలు పెట్టి పల్టీ కొడతాడు, కర్రలు పట్టుకుని ఊగుతాడు, యాపిల్ పళ్లు విసిరితే శత్రువు కాసేపు తికమకపడతాడు తప్ప చావడు.

ఏది మంచిది అన్న గొడవ అప్పటి నుంచి ఇప్పటిదాకా నడుస్తూనే ఉంది. మికామి కూడా తర్వాత ఒక ఇంటర్వ్యూలో సెగా గేము యానిమేషన్‌నీ ఆ కత్తినీ మెచ్చుకుని అటువైపే మొగ్గాడు. నేను ఆయన మాటకే ఎదురు చెప్తున్నాను. సినిమాలో అలాద్దీన్ సంత వీధుల్లో రొట్టెముక్క దొంగిలించి కాపలా భటులకి దొరక్కుండా మేడల మీద నుంచి మేడల మీదకి దూకే కుర్రాడు. అతని బలం ఒడుపు. కత్తితో ఎదురొచ్చినవాణ్నల్లా నరుకుతూ పోతే ఆ కుర్రాడు ఎక్కడున్నాడు? క్యాప్‌కామ్ గేములో పల్టీ నుంచి పల్టీకి, కర్ర నుంచి కర్రకి కాలు నేలకి ఆనకుండా పోయే ఆ ఊపులో నాకు అసలు అలాద్దీన్ కనిపిస్తాడు. సెగా గేములో బొమ్మ ఎంత అందంగా కదిలినా, దెబ్బ ఎక్కడ తగులుతుందో ఎక్కడ తగలదో కచ్చితంగా తెలియదు, కత్తి తగిలినట్టు కనిపించినా ఒక్కోసారి తగలదు. అయినా రెండూ కొను. రెండూ పక్కపక్కనే ఆడి, నాతో ఏకీభవించకపోతే ఎందుకో రాయి. కార్టూన్ గేముల గురించి ఆలోచించడం నేర్చుకోవడానికి ఈ జంటను మించిన పాఠం లేదు.

లయన్ కింగ్ 1994లో వచ్చింది, చేసింది వెస్ట్‌వుడ్ స్టూడియోస్. చిన్న సింబా గర్జన పిల్లికూతలా ఉంటుంది, దానికి బెదిరేవి చిన్న జంతువులే. పెద్దయ్యాక పంజా వస్తుంది. స్వభావం చక్కగా పట్టారు. కానీ రెండో స్టేజీలోనే చాలామంది వదిలేస్తారు. కోతులు సింబాని ఒకదాని నుంచి ఒకదానికి విసురుతాయి, ఏ కోతి మీద గర్జిస్తే అది ఏ వైపు తిరుగుతుందో లెక్క చూసుకోవాలి, ఉష్ట్రపక్షి మీద సవారీలో రెప్పపాటు ఆలస్యమైతే పోయినట్టే. ఇంత కష్టం ఎందుకు పెట్టారో వెస్ట్‌వుడ్ సహ వ్యవస్థాపకుడు లూయీ క్యాజిల్ చెప్పాడు. అమెరికాలో పిల్లలు క్యాసెట్లు అద్దెకి తెచ్చుకునేవారు. అద్దె గడువులోపే గేము పూర్తయిపోతే ఇక కొనరని కావాలనే ముందు స్టేజీలు కఠినం చేశారట. రివ్యూ రాసేటప్పుడు ఇలాంటివి తెలిసి ఉండాలి. "చాలా కష్టం" అని రాస్తే సగమే చెప్పినట్టు. ఆ కష్టం ఎవరి జేబు కోసం పెట్టారో కూడా చెప్పాలి.

మిక్కీ మేనియా కూడా 1994దే. మిక్కీ నటించిన పాత కార్టూన్లే ఇందులో స్టేజీలు. 1928 నాటి స్టీమ్‌బోట్ విల్లీతో మొదలవుతుంది, తెర నలుపు తెలుపులో ఉంటుంది, ముందుకి పోయేకొద్దీ రంగులు వచ్చి చేరతాయి. 1933 నాటి మ్యాడ్ డాక్టర్, 1937 నాటి లోన్‌సమ్ గోస్ట్స్ కూడా ఉన్నాయి. ఆట మధ్యరకమే, కానీ కార్టూన్ చరిత్ర మీద ఇంత ప్రేమతో చేసిన గేము ఇంకోటి తక్కువ. మెగా డ్రైవ్‌లో క్యాజిల్ ఆఫ్ ఇల్యూజన్ 1990ది, అది తప్పక ఉండాలి. ఫీలిక్స్ ద క్యాట్, డార్క్‌వింగ్ డక్ రెండూ 1992వి, రెండూ మంచివే, కానీ నింటెండో అమెరికన్ క్యాసెట్ల ధరలు చూస్తే గుండె ఆగుతుంది. వాటిని తర్వాత చూసుకో.

ఇక మెషిన్ సంగతి. సమురాయ్, లిటిల్ మాస్టర్ లాంటి పేర్లతో మన ఇళ్లలోకి వచ్చినవి ఫామికాంకి నకళ్లు. వాటిలో పట్టే క్యాసెట్‌కి 60 పిన్నులు, జపాన్ ఫామికాం క్యాసెట్‌కీ అంతే. అమెరికా, యూరప్ నింటెండో క్యాసెట్లకి 72 పిన్నులు. అంటే ఇంట్లో అటక మీద ఉన్న పాత మెషిన్ పనిచేస్తుంటే జపాన్ నుంచి తెప్పించిన ఒరిజినల్ క్యాసెట్లు నేరుగా దానిలో పెట్టి ఆడొచ్చు. అమెరికన్ క్యాసెట్ల కంటే జపాన్‌వి సాధారణంగా చవక. పైగా కార్టూన్ గేముల్లో చదవాల్సిన మాటలు తక్కువ, భాష రాకపోయినా ఆగిపోవు. డక్‌టేల్స్ అక్కడ 1990లో వన్పకు డక్ యుమె బోకెన్ పేరుతో వచ్చింది, వెతికేటప్పుడు ఆ పేరుతో వెతుకు. తెప్పించేటప్పుడు పోస్టేజీ, కస్టమ్స్ సుంకం కూడా ధరలో కలిపి లెక్క వేసుకో, లేకపోతే చవక అనుకున్నది కాస్తా తడిసి మోపెడవుతుంది.

ఒరిజినల్ మెషినే కావాలంటే 1993లో వచ్చిన ఏవీ ఫామికాం కొను. మొదటి మోడల్‌లో ఏవీ వైరు సదుపాయం లేదు, జపాన్ చానల్ లెక్కన యాంటెన్నా వైరుతోనే బొమ్మ వస్తుంది, మన టీవీల్లో దాన్ని పట్టుకోవడం పెద్ద తలనొప్పి. మెగా డ్రైవ్ మన దేశంలో తొంభైల మధ్యలో షా వాలెస్ ద్వారా అధికారికంగానే అమ్ముడైంది కాబట్టి అప్పుడప్పుడు ఇక్కడే పాత ఇళ్లలో దొరుకుతుంది.

కరెంటు దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. జపాన్ అడాప్టర్ 100 వోల్టులకి, అమెరికాది 120కి చేసినవి. మన 230లో నేరుగా పెడితే అడాప్టర్ అక్కడికక్కడే కాలిపోతుంది. ఫామికాంకి కావలసింది 10 వోల్టుల డీసీ, 850 మిల్లీ ఆంపియర్లు, అన్నిటికంటే ముఖ్యంగా పిన్ను మధ్యభాగం నెగటివ్. చెన్నైలో ఎలక్ట్రానిక్స్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్‌లో కొట్టువాడు చేతికిచ్చే మామూలు అడాప్టర్లు ఎక్కువగా మధ్యలో పాజిటివ్. "సరిపోతుంది సార్" అన్న మాట నమ్మి గుచ్చకు, అడాప్టర్ మీద గుండ్రటి గుర్తు చూసి, మల్టీమీటర్ పెట్టించి చూసుకుని తీసుకో. అమెరికన్ నింటెండో అడాప్టర్ ఏసీ ఇస్తుంది, దాన్ని ఫామికాంకి పెట్టడమంటే మెషిన్‌ని చంపడమే. మెగా డ్రైవ్ మొదటి మోడల్‌కి మధ్యలో నెగటివ్, రెండో మోడల్‌కి పాజిటివ్. ఒకే కంపెనీ, ఒకే పేరు, అయినా తేడా.

టీవీ విషయానికి వస్తే పాత డబ్బా టీవీ, అందులోనూ పాల్ (మన దేశపు పద్ధతి), ఎన్‌టీఎస్‌సీ (జపాన్, అమెరికా పద్ధతి) అనే రెండు రకాల టీవీ సిగ్నళ్లూ పట్టేది దొరికితే వదలకు. కొత్త టీవీల్లో బటన్ నొక్కడానికీ బొమ్మ కదలడానికీ మధ్య ఆలస్యం ఉంటుంది, డక్‌టేల్స్ గెంతులో అది స్పష్టంగా తెలుస్తుంది. కనీసం టీవీలో గేమ్ మోడ్ పెట్టుకో.

డూప్లికేట్ గురించి. ఫామికాం క్యాసెట్ పెట్టెకి చాలావాటికి స్క్రూలు ఉండవు, క్లిప్పులతో బిగించి ఉంటాయి, బలవంతంగా తెరిస్తే విరుగుతాయి. నింటెండో అమెరికన్ క్యాసెట్లకి 3.8 మిల్లీమీటర్ల ప్రత్యేక స్క్రూడ్రైవర్ కావాలి, ఒకటి కొని సంచిలో పెట్టుకో. తెరిచాక చూడాల్సింది బోర్డు. ఒరిజినల్‌లో నల్లటి దీర్ఘచతురస్రపు చిప్పులు, వాటి మీద అంకెలు, బోర్డు మీద కంపెనీ పేరు ఉంటాయి. డూప్లికేట్‌లో ఎక్కువగా బోర్డు మధ్యలో గుండ్రంగా తారు చుక్కలాంటి నల్లటి ముద్ద ఒకటే కనిపిస్తుంది. చేతిలో పట్టుకుని ఆడే నింటెండో గేమ్ బాయ్ అడ్వాన్స్ క్యాసెట్ అయితే తెరవక్కర్లేదు, పిన్నుల పైన సందులోంచి చూస్తే బోర్డు మీద నింటెండో పేరు కనపడాలి.

తెరవకుండానే పట్టుకునే ఒక ఉపాయం చెప్తాను. 60 పిన్నుల లయన్ కింగ్ క్యాసెట్ ఎవరైనా "ఒరిజినల్" అని చూపిస్తే అది కచ్చితంగా కాదు. ఆ గేము ఈ 8 బిట్ మెషిన్‌కి అధికారికంగా వచ్చింది 1995లో, అదీ యూరప్‌లో మాత్రమే, అది 72 పిన్నులది. అలాద్దీన్‌ కూడా అంతే, 60 పిన్నుల్లో అధికారికంగా రాలేదు. మన దగ్గర తిరిగిన 60 పిన్నులవి ఎవరో అనుమతి లేకుండా చేసిన నకళ్లే. అలాగని వాటిని పారేయమని చెప్పను. మన దేశంలో ఒక తరం పిల్లలు ఆడింది అవే. వాటి గురించి ఇంగ్లీషులో చాలామంది రాశారు, తెలుగులో దాదాపు ఎవరూ రాయలేదు. ఒరిజినల్ ధర మాత్రం ఇవ్వకు. విడిగా ఒక డబ్బాలో పెట్టు, నకలు అని చీటీ రాసి పెట్టు.

చెన్నైలో సేకరించేవాడికి అసలు శత్రువు గాలి. సముద్రపు ఉప్పు, ఏడాది పొడవునా తేమ, ఆపైన అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలు. పిన్నుల మీద పచ్చటి చిలుము పట్టేది ఆ వానాకాలంలోనే. క్యాసెట్ పనిచేయకపోతే ఊదే అలవాటు మనందరికీ ఉంది, మానేయాలి. నోటి తడి పిన్నుల మీద పడి ఇంకా పాడవుతాయి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రిచీ స్ట్రీట్‌లో దొరుకుతుంది. చెవులు శుభ్రం చేసుకునే దూది బడ్ దానిలో ముంచి పిన్నుల పొడవునా రుద్దు. బడ్ నల్లగా వస్తుంది, మార్చి మళ్లీ రుద్దు, తెల్లగా వచ్చేదాకా చేయాలి. పొడి బడ్‌తో ఒకసారి తుడిచి, పూర్తిగా ఆరాకే మెషిన్‌లో పెట్టు. పెన్సిల్ రబ్బరుతో గీయకు, పిన్నుల పూత పోతుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టు, పొట్లాలు వానాకాలం ముందు మార్చు. అటక మీద, డాబా కింద గదిలో వద్దు. రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండలకి లేబుళ్ల జిగురు కరిగి ఊడిపోతుంది. కిటికీ ఎండ తగిలితే తెల్లటి ప్లాస్టిక్ పసుపెక్కుతుంది.

ఎక్కడ దొరుకుతాయి అంటావా? అన్నా సాలై పక్కన రిచీ స్ట్రీట్‌కి వైర్లు, అడాప్టర్లు, కెపాసిటర్లు, రిపేరు చేసేవాళ్ల కోసం వెళ్లు, క్యాసెట్ల కోసం కాదు. బీచ్ స్టేషన్ దగ్గర బర్మా బజార్ ఒకప్పుడు ఈ గేములకి పెట్టింది పేరు, ఇప్పుడు ఎక్కువగా ఫోన్లూ వాటి సామాన్లే. అయినా అక్కడ వయసు మళ్లిన కొట్టువాళ్లని అరవంలో నిదానంగా కదిపి చూడు, "ఇంట్లో పాత స్టాకు ఉంది, రేపు రండి" అనేవాళ్లు అప్పుడప్పుడు తగులుతారు. నిజం చెప్పాలంటే మంచి సరుకు బజార్లలో కంటే ఇళ్లు ఖాళీ చేసేవాళ్ల దగ్గర దొరుకుతుంది. టి.నగర్, పెరంబూరు వైపు మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. "మీ పిల్లలు ఆడిన టీవీ గేమ్ ఏమైనా అటక మీద ఉందా అత్తయ్యా" అని అడిగితే ఇచ్చేవాళ్లు ఉంటారు. ఊరికే ఇస్తామన్నా న్యాయమైన ధర చేతిలో పెట్టి తీసుకో.

డబ్బు ఇప్పుడే పెట్టలేనంటే ఇంకో దారి. డక్‌టేల్స్ రెండు భాగాలు, రెస్క్యూ రేంజర్స్ రెండు భాగాలు, టేల్‌స్పిన్, డార్క్‌వింగ్ డక్ ఆరూ కలిపి క్యాప్‌కామ్ 2017లో డిస్నీ ఆఫ్టర్‌నూన్ కలెక్షన్ పేరుతో తెచ్చింది. అలాద్దీన్ రెండు గేములూ, లయన్ కింగ్, జంగిల్ బుక్ కలిపి 2021లో ఇంకో సంకలనం వచ్చింది. ముందు వాటిలో ఆడి, ఏది మళ్లీ మళ్లీ ఆడాలనిపిస్తుందో దాని క్యాసెట్ మాత్రమే కొను.

రివ్యూ రాసేటప్పుడు ముందుగా ఏ మెషిన్ మీద, ఏ టీవీ మీద ఆడావో చెప్పు. ఇది లాంఛనం కాదు. మన దగ్గర అమ్మిన నకళ్లలో చాలావాటివి 50 హెర్ట్జ్, అంటే సెకనుకి 50 సార్లు తెర మీద బొమ్మ మారుతుంది, గేములు మాత్రం 60 హెర్ట్జ్ కోసం చేసినవి. అందువల్ల ఆరో వంతు నెమ్మదిగా నడుస్తాయి. చాలా నకలు చిప్పుల్లో శబ్దం కూడా అసలుదానిలా ఉండదు. చిన్నప్పుడు తేలిగ్గా గెలిచిన స్టేజీ ఒరిజినల్ మెషిన్‌లో కష్టమైతే నీ చేతి తప్పు కాదు, గేము తన అసలు వేగంలో నడుస్తోంది. ఈ సంగతి చెప్పకపోతే చదివేవాడికీ నీకూ లెక్క కలవదు.

తర్వాత ఆ కార్టూన్ భాగం ఒకటి మళ్లీ చూసి, వెంటనే గేము ఆడు. పాత్ర నడక, కోపం, పిరికితనం, తెలివి, వీటిలో ఏది బటన్‌లోకి వచ్చిందో, ఏది రాలేదో ఒకటి రెండు చోట్లు ఎంచుకుని వివరంగా రాయి. స్టేజీలన్నీ వరసగా చెప్పుకుంటూ పోవడం ఎవరూ చదవరు. పదికి ఎన్ని మార్కులు అన్నది పెట్టకు, ఎవరికి నచ్చుతుందో చెప్పు: ఒంటరిగా ఆడేవాళ్లకా, పిల్లలతో ఆడే తల్లిదండ్రులకా, అసలు ఓపిక లేనివాళ్లకా. పూర్తి చేయకుండా రాస్తే ఎంతవరకు ఆడావో చెప్పు. వాడుకలో ఉన్న మాటలే వాడు. స్టేజీ, బాస్, లైఫ్ అంటే ప్రతివాడికీ తెలుసు, వాటికి కొత్త మాటలు పుట్టించనక్కర్లేదు.

మొదటి నెలకి జపాన్ రెస్క్యూ రేంజర్స్, డక్‌టేల్స్ రెండు క్యాసెట్లు చాలు. ఇంతకీ విజయవాడలో ఇంటి దగ్గర పాత మెషిన్ ఏదైనా ఉందా? ఉంటే క్యాసెట్ పెట్టే చోటు, అడాప్టర్ మీద రాత, వెనక వైరు గుచ్చే చోట్లు, ఈ మూడింటి ఫొటోలు పంపమని ఇంట్లోవాళ్లకి చెప్పి నాకు చూపించు. ఏ క్యాసెట్లు పడతాయో చూసి చెప్తాను. అప్పటిదాకా దాన్ని కరెంటులో పెట్టొద్దని మాత్రం గట్టిగా చెప్పు.